గడప దాటిన గ్రామసింహము

పంచతంత్రములోని ముంగిస కథ నెరుగని బడిపిల్లవాడు మనలో అరుదు. ఒక బ్రాహ్మణుని ఇంట ముంగిస పెరుగుచుండెను. ఒకనాడు ఇల్లాలు నీళ్ళకు పోయిన వేళ ఊయలలోని పసివాని వైపు పాము పాకి వచ్చెను. ముంగిస దానిని తునుకలు చేసి, నెత్తురు మూతితో గుమ్మము కడకు వచ్చి యజమానురాలి కెదురు నిలిచెను. బిడ్డనే చంపినదని భ్రమపడి ఆమె నీళ్ళ కడవను దానిపై పడవేసెను. లోపలికి పోయి చూచినచో బిడ్డ క్షేమముగా నుండెను. తొందరపాటు తగదని నీతి చెప్పి మనము పాఠము ముగింతుము. పరీక్షలో వచ్చు ప్రశ్నయు అదియే.

పాతికేండ్లుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నాకు ఈ కథలో మరియొక సంగతి పెద్దదిగా కనబడుచున్నది. సంస్కృత పంచతంత్రమున ఆ తల్లి ముంగిసను కన్నబిడ్డవలె పెంచినది గాని, పసివాని విషయమున మాత్రము దానిని నమ్మలేదు. అది జంతువు, ఏ వేళ ఏమి చేయునో యని, నీళ్ళకు పోవుచు బిడ్డను కనిపెట్టి యుండుమని భర్తతో చెప్పి మరీ పోయినది. ఆయన భిక్షకై వీధిన పడినాడు. ఇక ఇంట మిగిలినవి ఊయల, ముంగిస, నిశ్శబ్దము. కడవ పడవేయుట రెండవ తప్పు. మొదటి తప్పు ఆ ఖాళీ గది. దానిని గూర్చి ఏ ప్రశ్నపత్రమునను ఎవరును అడుగరు.

ఈ కథ దేశము దాటి పోయి రూపము మార్చుకొన్నది. వేల్సు దేశమున ముంగిస వేటకుక్క యైనది, పాము తోడేలైనది. బెడ్‌గెలెర్ట్ అను గ్రామమున గెలెర్ట్ అను ఆ కుక్క సమాధి యని ఒక రాతిని నేటికిని చూపుచుందురు. ఫ్రాన్సులో లియోన్ నగర ప్రాంతమున గినెఫోర్ అను జాగిలమును 13వ శతాబ్దినాటి తల్లులు ఏకముగా మహాత్మునిగా కొలిచి, జబ్బుపడిన శిశువులను దాని సమాధి కడకు కొనిపోయెడివారు. అన్ని దేశముల కథలలోను కుక్క బిడ్డకు కాపలా కాయుచునే యున్నది. ఆ ఇద్దరికిని కాపలా యుండవలసిన పెద్దవారే కనబడరు.

కుక్కకు మన నిఘంటువులలో పేర్లకు కొదవ లేదు. శునకము, శ్వానము, సారమేయము, భషకము, జాగిలము. వీని యన్నింటిలో నాకు నచ్చినది గ్రామసింహము. అది ఎగతాళి మాటయే కాని, అందులో ఒక లోకానుభవ మిమిడియున్నది. అది గ్రామమునకు సింహము, గృహమునకు గాదు. మన డెల్టాలోని పాత మండువా లోగిళ్ళలో కుక్క చోటు వీధి అరుగు క్రింద, లేదా పెరటిలో గడ్డివాము ప్రక్కన, లేదా పొలములో పశువుల మకాము కడ. రామచంద్రపురపు పాత వీధులలో నేటికిని నిలిచియున్న అరుగులను చూచినచో ఆ ఏర్పాటు తెలియును. భోజనములైన పిమ్మట దానికి ఇన్ని మెతుకులు పడెడివి. వీధి గుమ్మము దాటి లోపలికి వచ్చుటకు మాత్రము అనుమతి లేదు. అందుకు కారణము మడియు ఆచారమును గాని శిశు సంరక్షణము కాదు. అయినను ఫలితము మాత్రము ఒకటి కలిగినది. పాకెడు బిడ్డ సావిడిలో, కుక్క అరుగు క్రింద, నడుమ గడప. బోర్లపడిన బొబ్బట్లు, అడుగు వేసిన అరిసెలు పంచిపెట్టు మన ఇండ్లలో బిడ్డ గడప దాటుట గూడ ఒక వేడుకయే. ఆ దాటు నాటికి వానికి కొంత వయసును, వెంట ఒక మనిషియు ఉండెడివి.

ఆ రోజులే మేలని నా వాదము కాదు. అరుగు క్రింది కుక్కకు మెతుకులతో పాటు తన్నులును దక్కెడివి. దానికి జబ్బు చేసినచో చూచువారు లేరు, టీకా మాట తెలియదు. నేడు కుక్క గడప దాటి లోపలికి వచ్చినది. పమేరియన్ సోఫా నెక్కినది, లాబ్రడారు పడకగదిలో చల్లని గాలికి నిద్రించుచున్నది. అద్దె ఇంటి రెండు గదులలో సైతము ఒక టామీయో స్నూపీయో ఇంటివారి ముద్దుపేరుతో తిరుగుచున్నది. ఇది సంతోషింపదగినదే. కుక్కతో పెరిగిన పిల్లలకు తోడు విలువ తెలియును, నోరులేని ప్రాణి ఆకలి తెలియును. కాని గడపను తీసివేసిన మనము దాని స్థానమున మరియొక దానిని పెట్టలేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

కుక్క నున్న ఇంటికి పోయినచో గుమ్మములోనే వినబడు మాట యొకటి కలదు: “ఏమీ చెయ్యదండీ, ఒట్టి అరుపే!” ఈ మాటలో అబద్ధము లేదు. ఆ యజమానిని అది ఏమియు చేయలేదు. కాని పెద్దవానికిని కుక్కకును నడుమ కుదిరిన ఒడంబడిక మూడేండ్ల పిల్లవానికి వర్తింపదు. చిన్నపిల్లలకు ఇంటిలోనే, తెలిసిన కుక్క వలననే కాటు పడుట తరచని పాశ్చాత్య దేశముల వైద్యులు చాలకాలముగా చెప్పుచున్నారు. వీధికుక్కల బెడద మన ఊళ్ళలో వేరుగా నున్నది. అది పురపాలక సంఘములు తేల్చవలసిన విషయము, దాని జోలికి నేనిపుడు పోను. ఇంటి కుక్క సంగతి మన చేతిలోనిది.

కుక్కకు మాటలు లేవు కాని వ్యాకరణమున్నది. అది నేర్చుకొనని వారే “ఉన్నట్టుండి కరిచింది” అందురు. ఉన్నట్టుండి కరచు కుక్కలు బహు తక్కువ. బిడ్డ మీదమీదకు వచ్చుచున్నపుడు అది మొదట మొగము ప్రక్కకు త్రిప్పుకొనును. తినునది ఎదుట లేకున్నను పెదవులు నాకుకొనును. నిద్ర లేకయే ఆవులించును. కంటి కొనలో తెల్లగ్రుడ్డు నెలవంకవలె కనబడును. చెవులు వెనుకకు పోవును. లేచి దూరముగా పోవుటకు చూచును. పోవుటకు చోటు లేనిచో ఒడలు కొయ్యబారును. ఈ కొయ్యబారుటయే అన్నిటికంటె ముఖ్యముగా గుర్తింపదగినది, పెద్దవారు సాధారణముగా గమనింపనిది గూడ. “చూడండి, ఎంత బుద్ధిగా కూర్చుందో, వాడు చెవులు లాగినా కదలదు” అని ఆ క్షణముననే మురిసిపోవుదురు. ఆ పిమ్మట గుర్రుమనును, పండ్లు చూపును. అప్పటికిని బిడ్డ తొలగనిచో కరచును.

గుర్రుమనుట పొగరు కాదు, హెచ్చరిక. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టువారు దానికి నేర్పునది మంచితనము కాదు, హెచ్చరింపకుండ కరచుట. అది గుర్రుమనగానే చేయవలసిన పని బిడ్డను మెల్లగా తీసికొనిపోయి, కుక్కను దాని చోటికి పోనిచ్చి, ఏమి జరిగి అంతవరకు వచ్చినదో ఆలోచించుట. మొరిగే కుక్క కరవదను మన సామెత ఇంటింటను చెల్లుచున్నది. సామెతలు సేకరించు పనిలో కొంత కాలము గడిపినవాడను గనుక వానిపై నాకు గౌరవమున్నది. కాని ఈ ఒక్కదానిని పిల్లలకు నేర్పకుండుట మేలు. మొరిగిన కుక్కయు కరచును. తోక సంగతియు నిట్టిదే. నడుముతో సహా ఒడలంతయు మెత్తగా ఊగుచు ఆడు తోక వేరు, నిటారుగా నిలిచి బిరుసుగా కదలు తోక వేరు. తోక ఊపిన ప్రతి కుక్కయు స్నేహితుడు కాదు.

ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయమున కెర్‌స్టిన్ మీంట్స్ అను పరిశోధకురాలును, ఆమె సహచరులును చిన్నపిల్లలకు కుక్కల ముఖములు చూపి, ఏ కుక్క ఏ భావముతో నున్నదని అడిగిరి. పండ్లు బయటపెట్టి కోపముతో నున్న కుక్కను చూచి అది నవ్వుచున్నదని చెప్పిన పిల్లలు చాలమంది. మనుష్యుల ముఖమున పండ్లు కనబడుట నవ్వునకు గుర్తు. బొమ్మల పుస్తకములలోని కుక్కలును అట్లే నవ్వును. కనుక పిల్లవానికి తెలిసిన భాషలో వాడు సరిగానే చదివినాడు. నవ్వుచున్నదని తలచి ముద్దు పెట్టుకొనుటకు ముఖము ముందుకు చాచును. వాని ముఖ మెత్తు కుక్క నోటి ఎత్తే. పెద్దవారికి కాటు కాళ్ళకును చేతులకును పడును, పసివారికి తలకును చెంపకును మెడకును పడుట అందువలననే. మెడ చుట్టు చేతులు వేసి కౌగిలించుట మనకు ప్రేమ. పెక్కు కుక్కలకు అది నిర్బంధము.

ఏ సమయములందు జాగ్రత్త వలెనో ఆలోచించినచో మన ఇండ్లలోని దినచర్యయే జవాబు చెప్పును. అన్నప్రాశనమైన బిడ్డ చేత జంతిక పట్టుకొని నేలపై కూర్చుండును. అదే ఎత్తున కుక్క ముక్కున్నది. బిడ్డ తినునపుడు కుక్క మరియొక గదిలో నుండుట, కుక్క తినునపుడు బిడ్డ దాని దరికి పోకుండుట ఇంటి నియమముగా చేసికొనవలెను. కుక్కకు ఓర్పు నేర్పుటకని దాని పళ్ళెములో చేయి పెట్టుమని పిల్లవానితో చెప్పువారున్నారు. దానివలన అది నేర్చుకొనునది, ఆ చిన్న చేయి తన అన్నము లాగుకొనునని. నిద్రించు కుక్కను తాకరాదు. ముసలిదై కీళ్ళ నొప్పులతోను చెముడుతోను నున్న కుక్క విషయమున ఇది మరీ ముఖ్యము, నిన్నటివరకు ఎంత సాధువైనను. ఈనిన కుక్క పిల్లల దరికి పోరాదని మన పల్లెలలో అందరెరుగుదురు. గొలుసుతో పగలంతయు కట్టబడిన కుక్క పారిపోలేదు గనుక దానికి మిగులునది కాటు ఒక్కటే. గొలుసు పొడవెంతో అంత వలయములోనికి పిల్లవాడు బంతి కొరకైనను పోరాదు.

దీపావళి నాటి సాయంత్రము వేరుగా చెప్పవలెను. టపాకాయల మ్రోతకు వణకి కుక్క మంచము క్రింద దూరును. దానిని ఓదార్చుటకు పిల్లవాడు మంచము క్రింద పాకును. ఇద్దరిలో ఎవ్వరి మనసునను చెడు లేదు. అయినను ఆ చీకటి మూలకంటె ప్రమాదకరమైన చోటు ఆ రాత్రి ఇంటిలో మరియొకటి యుండదు. తలుపు వేసిన గదిలో, నీళ్ళు పెట్టి, కుక్కను ముందుగానే విడిగా నుంచుట ఆ దినమున ప్రమిదలు కడుగుటతో పాటు చేయవలసిన పని.

మన ఆచారములలో ఒకటి ఈ విషయమున విశేష శ్రద్ధను కోరుచున్నది. తొలి కాన్పునకు కోడలు పుట్టింటికి పోవును. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో అత్తవారింటికి తిరిగి వచ్చును. ఆ ఇంట కుక్క యున్నచో దాని దృష్టిలో జరిగిన దేమి? తనను లాలించిన మనిషి కొన్ని నెలలు మాయమై, ఒకనాడు కారు దిగి, చేత ఒక ఏడ్చు మూటతో వచ్చినది. వెంట ఇరువది మంది చుట్టములు. దిష్టి తీయుట, హారతి, కేకలు. ఇదివరకు తాను పండుకొన్న గదిలోనికి పోబోయినచో అదలింపు. ఆ ఒక్క దినమున దాని లోకమంతయు తలక్రిందులైనది, కారణము ఆ మూటయే యని దానికి తోచినచో ఆశ్చర్యమేమి? కనుక మార్పులు నెల ముందుగానే మొదలిడవలెను. పడకగది ప్రవేశము మాన్పదలచినచో అప్పుడే మాన్పవలెను. బిడ్డ కప్పుకొన్న గుడ్డ నొకదానిని ముందుగా పంపి వాసన చూపవలెను. వచ్చు నాడు సందడి అణగిన పిమ్మట, కుక్క మెడపట్టీ ఒక పెద్దవారి చేత నుండగా, తల్లి వట్టి చేతులతో మొదట దానిని పలుకరింపవలెను. బిడ్డను చూపుట దూరమునుండియే, మరునాడైనను మునిగిపోయిన దేమియు లేదు. దూలమునకు కట్టిన చీర ఊయల కుక్క తల ఎత్తున ఊగును, అందులోనుండి వింత కూతలు వచ్చును. ఆ గదిలో పెద్దవారు లేనప్పుడు కుక్క యుండరాదు. నీళ్ళ కుండ దింపి వచ్చునంత సేపైనను.

కనిపెట్టి యుండుట యన నేమి? ఒకే గదిలో కూర్చుండి చేతి ఫోనులో మునుగుట కాదు. చేయి చాచిన అందునంత దూరమున నుండి ఇద్దరిని చూచుచుండుట. అది ఎల్లవేళల ఎవ్వరికిని సాధ్యము కాదు. పొయ్యిపై పాలు పొంగును, గుమ్మములో కూరలబండి పిలుచును. అందులకే గడప కావలెనని నేను చెప్పునది. గుమ్మమునకు నడుమెత్తు చెక్కతలుపు వడ్రంగి ఒక్క పూటలో చేసి బిగించును. అటు కుక్క, ఇటు బిడ్డ, ఒకరి నొకరు చూచుకొనుచునే యుందురు. కుక్కకు సైతము ఒక మూల, ఒక గోనె పరపు, “ఇది దాని ఇల్లు, అక్కడికి ఎవరూ వెళ్ళకూడదు” అను నియమము వలెను. పిల్లలు దాటరాని గడప కుక్కకును హక్కు.

పిల్లలు తప్పు చేయరా యని ఎవరైన అడిగినచో, మన ఆంధ్ర మహాభారతపు తొలి పుటలలోనే జవాబున్నది. రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెలుగు చేసిన ఆదిపర్వమున ఆరంభ కథలలో సరమ కథ ఒకటి. జనమేజయుని యజ్ఞభూమికి దేవశుని యైన సరమ కొడుకు ఆడుకొనుచు వచ్చినది. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి కడకు పోయెను. సరమ వచ్చి, ఏ అపరాధమును చేయని నా బిడ్డను దయ లేక కొట్టిరని రాజునే నిలదీసి, తగినది తగనిది తెలియక సాధువులకు కీడు చేయువారికి ఎదురుచూడని భయములు వచ్చునని చెప్పి పోయెను. కొట్టినవారు తమ్ములు, సరమ అడిగినది అన్నను. నాకు ఈ కథలో నచ్చినది అదియే. పిల్లవాడు తోక లాగినపుడు, కన్నులో పుల్ల పెట్టినపుడు, గుర్రమువలె వీపు నెక్కినపుడు, అడుగవలసినది వానిని గాదు, ఎదుట కూర్చుండి నవ్వుచు ఫోటో తీయుచున్న వారిని.

ఇక పాఠశాలలో చేయదగినది కొంత కలదు. ఎదురుపడిన కుక్కను చూచి పరుగెత్తరాదని చెప్పిన చాలదు, ఆటగా నేర్పవలెను. కొబ్బరిచెట్టువలె నిలువుమనవలెను: చేతులు ఒడలికి ఆనించి, నోరు మూసి, తన పాదముల వైపు చూచుచు. క్రిందపడినచో తాబేలువలె ముడుచుకొని, చేతులతో మెడను చెవులను కప్పుకొనవలెను. ఒకటవ తరగతి పిల్లలు దీనిని పది నిమిషములలో నేర్చుకొందురు, వారము దినములు మానకుండ ఆడుదురు. పరిచయమైన కుక్కనైనను యజమాని నడిగి, అది తానై దరికి వచ్చినపుడే, నెత్తిమీద గాక మెడ ప్రక్కనో రొమ్ముపైననో నిమురుట, ఐదు లెక్కపెట్టి చేయి తీసివేయుట, అది ఇంకను కోరి వచ్చినచో మరల నిమురుట. ఐదు లెక్కించుట పిల్లలకు ఆట, కుక్కకు స్వేచ్ఛ.

కాటు పడిన పిమ్మటి మాట. రేబీసు లక్షణములు బయటపడిన వెనుక బ్రతికినవారు దాదాపు లేరు. లక్షణములు రాకముందు సరియైన చికిత్స జరిగినచో దాదాపు అందరును బ్రతుకుదురు. ఇంత స్పష్టమైన గీత మరి ఏ వ్యాధిలోను కనబడదు. అనుమానింపదగిన జంతువుల కాటు పడినవారిలో నూటికి నలుబది మంది పదునైదేండ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మొదటి మందు మన ఇంటనే యున్నది: సబ్బు, ధారగా పడు నీరు, పదునైదు నిమిషములు. ఆ వైరసు పైపొర క్రొవ్వుతో కూడినది గనుక సబ్బునకు కరగిపోవును. కారము, పసుపు, సున్నము, ఆకు పసరు గాయమునకు పూయరాదు. పిదప వెంటనే ఆసుపత్రి. గోటి గీతయైనను, గాయముపై నాకినను, కరచినది రెండు నెలల కుక్కపిల్ల యైనను వైద్యునికి చూపవలసినదే. చర్మములోనికి ఇచ్చు పద్ధతిలో మొదటి సూది వేసిన దినమును సున్నగా లెక్కించి 3వ, 7వ, 28వ దినములందు మరల టీకా పడవలెను. నెత్తురు వచ్చిన గాయమైనచో ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును గాయములోనికే ఎక్కింతురు. నడుమ ఆపరాదు. ప్రభుత్వాసుపత్రులలో ఈ టీకా ఉచితము.

1885 జూలై 6న పారిస్ నగరమున లూయీ పాస్చర్ తొలిసారిగా ఈ చికిత్సను చేయించినది జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి. మన దక్షిణాదికి 1907లో కూనూరున పాస్చర్ సంస్థ వచ్చినది. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను మాట మా తరమువారికి చిన్ననాటి భయము. జంతువుల మెదడు నుండి తీసిన ఆ పాత టీకా మన దేశమున 2005 నాటికి నిలిచిపోయినది. నేటి సూది భుజమునకు వేయుదురు, చీమ కుట్టినంత. కాని ఆ పదునాలుగు సూదుల కథ మాత్రము తాతల నోట ఇంకను బ్రతికియున్నది. పిల్లలు దానిని విని, కాటును దాచుచున్నారు. తిట్లకు వెరచి దాచువారు మరికొందరు. మా వీధిలోని ఒక బాలుడు పెంపుడు కుక్కపిల్ల పన్ను దిగిన చేతిని మూడు దినములు పొడుగు చేతుల చొక్కాతో కప్పుకొన్నాడు. కుక్కపిల్లను ఇంటినుండి పంపివేయుదురని వాని బెంగ. బయటపెట్టినది వాని తరగతి ఉపాధ్యాయురాలు, వ్రాయునపుడు కలము పట్టు తీరు చూచి. ఆసుపత్రికి సకాలముననే చేరినాడు. కుక్కపిల్లను గూడ పశువైద్యశాలకు కొనిపోయిరి. మూడు నెలలు నిండగానే వేయింపవలసిన టీకా దానికి పడలేదని అప్పుడు తెలిసినది. ఏటేట మరల వేయించు టీకా అది.

ఆ ఉపాధ్యాయురాలు చొక్కా చేయి పైకి మడచి అడిగిన మాట “ఎందుకు వెళ్ళావురా దాని దగ్గరికి?” అని కాదు. “ఎప్పుడు కరిచింది నాన్నా?” అని. వాడు చెప్పగానే ఆమె చేసిన పని వానిని పంపు దగ్గరకు నడిపించుకొని పోవుట. సబ్బు బిళ్ళకై ప్రక్క తరగతికి ఒక పిల్లను పరుగెత్తించినది.